వైఫై కలిసింది, నెట్ రాలేదు: ఆఫీసులో ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఎట్లా అందుతుంది?

ల్యాప్‌టాప్ మూలన వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది. కనెక్టెడ్ అని రాసి కూడా ఉంటుంది. పేజీ మాత్రం తెరుచుకోదు. పక్క సీట్లో ఉన్నవాళ్లకు అదే వైఫై మీద అన్నీ వస్తుంటాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు సాయంత్రం ఇంటికొచ్చి "ఇయ్యాల పొద్దంతా నెట్ రాలేదమ్మీ, ఒక్క పని కాలే" అంటారు. అబ్బా వెంటనే "మంచి కంపెనీ నెట్ పెట్టియ్యమని మీ సార్‌కు చెప్పు బేటా" అంటారు. చాలాసార్లు తప్పు కంపెనీది కాదు. ఆఫీసులో ల్యాప్‌టాప్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య నాలుగైదు గడపలుంటాయి. వైఫై కలవడం అంటే మొదటి గడప దాటినట్టు, అంతే.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగాలు గత కొన్నేళ్లలో బాగా పెరిగాయి. ఎక్కువ భాగం పాత వరంగల్ జిల్లాలోంచి 2016 అక్టోబర్ 11న ఈ మూడూ విడిగా ఏర్పడ్డాయి. దాంతో ప్రతి చోటా ఒక కలెక్టరేట్, దాని చుట్టూ జిల్లా కార్యాలయాలు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం అంతకుముందే ఉన్నాయి. వీటితోపాటు ప్రైవేటు ఆసుపత్రులు, ల్యాబులు, బ్యాంకు శాఖలు, షోరూములు. డేటా ఎంట్రీ ఆపరేటర్, బిల్లింగ్, ల్యాబ్ టెక్నీషియన్, అకౌంట్స్ లాంటి ఉద్యోగాల్లో మన ఇళ్ల పిల్లలు, ముఖ్యంగా డిగ్రీ చేసిన ఆడపిల్లలు చేరుతున్నారు. ఇంటర్వ్యూలో "కంప్యూటర్ వస్తదా?" అని అడుగుతారు. నెట్‌వర్క్ ఎట్లా పనిచేస్తుందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మొదటి నెలలో మాట పడేది మాత్రం అక్కడే.

ఇంట్లో ఒక డబ్బా, ఆఫీసులో నాలుగు

ఇంట్లో నెట్ పెట్టిస్తే కేబుల్ అబ్బాయి వచ్చి ఒక రూటర్ గోడకు తగిలించి పోతాడు. ఆ ఒక్క డబ్బానే అన్ని పనులూ చేస్తుంది. ఫోన్లను, ల్యాప్‌టాప్‌లను వైఫైతో కలుపుకుంటుంది. ప్రతిదానికీ ఒక నంబరు ఇస్తుంది. వెబ్‌సైట్ పేరు చెబితే అది ఎక్కడుందో కనుక్కునే ఏర్పాటు చేస్తుంది. లోపలివాళ్లు అడిగింది బయటి నుంచి తెచ్చి ఇస్తుంది. పాస్‌వర్డ్ కొడితే చాలు, మిగతాదంతా మనకు కనబడకుండా జరిగిపోతుంది.

ఆఫీసులో ఈ పనులను వేర్వేరు పరికరాలకు పంచుతారు. పైకప్పుకు తగిలించిన తెల్లటి పళ్లెం లాంటిది వైఫై యాక్సెస్ పాయింట్. ఓ మూల గదిలో ఇనుప బీరువా లాంటి ర్యాక్‌లో మిణుకుమిణుకుమనే లైట్లతో ఉండేవి స్విచ్‌లు. నంబర్లు ఇచ్చే సర్వర్ ఇంకోటి. బయటికి పోయే దారిలో కాపలా కాసేది ఫైర్‌వాల్. ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్న అడుగుతుంది. నువ్వెవరు? నీ నంబరెంత? ఎక్కడికి పోవాలి? అక్కడికి పోవడానికి నీకు అనుమతి ఉందా? అన్నింటికీ జవాబు సరిపోతేనే పేజీ తెరుచుకుంటుంది. ఏ ఒక్క దగ్గర తేడా వచ్చినా తెర మీద కనిపించేది ఒకటే: నెట్ లేదు.

ఒక ఉదాహరణ పెట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. మూడు పట్టణాల్లోనూ శాఖలున్న ఒక సంస్థ అనుకుందాం. జనగామ శాఖలో పనిచేసే అమ్మాయిని వారంలో ఒకరోజు మహబూబాబాద్‌కు, ఇంకోరోజు భూపాలపల్లికి పంపుతారు. ల్యాప్‌టాప్ ఒకటే, మనిషి ఒకటే. జనగామలో బాగా నడిచిన నెట్ మిగతా రెండు చోట్లా రాదు. ఎందుకు?

మొదటి గడప: నువ్వెవరు?

కేబుల్ అయితే గోడలోని సాకెట్‌కు గుచ్చాలి. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, గోడలో ఉన్న ప్రతి సాకెట్ పనిచేయదు. వెనక స్విచ్‌కు కలిపినవే పనిచేస్తాయి. కేబుల్ గుచ్చినచోట చిన్న లైటు వెలగకపోతే మిగతావన్నీ వెతకడం దండగ. ముందు వేరే సాకెట్ చూడాలి.

వైఫై అయితే పాస్‌వర్డ్ అడుగుతుంది. కొన్ని చోట్ల అందరికీ ఒకటే పాస్‌వర్డ్. పెద్ద సంస్థల్లో ఎవరి యూజర్ పేరు, పాస్‌వర్డ్ వాళ్లకే. ఇంకొన్ని చోట్ల ఇవి రెండూ సరిపోవు, ల్యాప్‌టాప్ పేరు కూడా జాబితాలో ఉండాలి. పేరు అంటే మనం పెట్టుకునే పేరు కాదు. ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ కంపెనీలోనే ఒక గుర్తింపు సంఖ్య పడుతుంది. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. 0 నుంచి 9 అంకెలు, ఇంగ్లిష్ అక్షరమాలలో ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కలిపి మొత్తం 12 ఉంటాయి. బండికి ఛాసిస్ నంబరు లాంటిదన్నమాట. వైఫైకి ఒకటి, కేబుల్ సాకెట్‌కు వేరొకటి ఉంటుంది. అందుకే "కేబుల్‌తో వస్తుంది, వైఫైలో రాదు" అనే ఫిర్యాదు. జాబితాలో ఒకటే రాసి ఉంటారు, రెండోది రాయడం మరిచిపోయి ఉంటారు.

ఇక్కడ ఈమధ్య ఒక కొత్త చిక్కు వచ్చింది. వెళ్లిన చోటల్లా ఒకే మ్యాక్ అడ్రస్ చూపిస్తే మాల్‌లో, స్టేషన్‌లో, ఆసుపత్రిలో మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో ఎవరైనా కూడబెట్టవచ్చు. దానికి విరుగుడుగా ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మారు నంబరు చూపించడం మొదలుపెట్టాయి. ఆండ్రాయిడ్‌లో 10వ వెర్షన్ నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఇది మామూలైపోయింది. విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ వైఫై సెట్టింగుల్లో ఈ స్విచ్ ఉంటుంది. బజారులో ఇది మంచిదే. ఆఫీసులో మాత్రం, నిన్న జాబితాలో రాయించిన నంబరు వేరు, ఇయ్యాల ల్యాప్‌టాప్ చెప్పే నంబరు వేరు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ముఖం మార్చుకుని కనబడినట్టే. ఆఫీసు వైఫైకి మాత్రం ఆ స్విచ్ ఆపేసి, అసలు నంబరు రాయించాలి. బయట మళ్లీ వాడుకోవచ్చు.

రెండో గడప: నీ నంబరెంత?

లోపలికి రానిచ్చాక ల్యాప్‌టాప్ అందరికీ వినబడేలా ఒక కేక వేస్తుంది: "నాకో నంబరు ఇవ్వండి" అని. నంబర్లు పంచే సర్వర్ జవాబిస్తుంది. ఈ పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు, 1993లో ప్రమాణంగా వచ్చింది. సర్వర్ ఇచ్చేది ఒక్క నంబరే కాదు. నాలుగు విషయాలు చెబుతుంది. నీ ఐపీ అడ్రస్ ఇది. నీ వీధి ఇక్కడి నుంచి ఇక్కడి దాకా. వీధి దాటి పోవాలంటే తలుపు ఇది, అంటే గేట్‌వే. పేర్లు అడగాలంటే ఫలానా సర్వర్‌ను అడుగు. ఇంకోమాట కూడా చెబుతుంది: ఈ నంబరు ఇన్ని గంటలకో, ఇన్ని రోజులకో మాత్రమే నీది, ఆ తర్వాత మళ్లీ అడగాలి. ఇది సొంతం కాదు, కిరాయి.

ఈ కిరాయి లెక్క దగ్గరే చిన్న ఆఫీసులు ఇబ్బంది పడతాయి. మామూలుగా ఒక వీధిలో 254 నంబర్లుంటాయి. ముప్పై మంది ఉన్న ఆఫీసుకు చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆ ముప్పై మంది ఫోన్లు, ప్రింటర్లు, సీసీ కెమెరాలు, వచ్చిపోయే వాళ్ల ఫోన్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆసుపత్రిలో రోగి వెంట వచ్చినవాళ్లకు కూడా అదే వైఫై పాస్‌వర్డ్ చెబితే, వాళ్లు వెళ్లిపోయినా వాళ్ల నంబర్ల కిరాయి గడువు తీరదు. పొద్దున వచ్చిన సిబ్బందికి నంబర్లు దొరుకుతాయి, పదకొండు తర్వాత వచ్చినవాళ్లకు దొరకవు. "లేటుగా వచ్చినవాళ్లకే నెట్ రాదు" అని నవ్వుకుంటారు గానీ, కారణం అదే. వచ్చిపోయేవాళ్లకు వేరే వైఫై పెట్టడం, కిరాయి గడువు కొన్ని గంటలకు తగ్గించడం దీనికి మందు.

నంబరు దొరకలేదని తెలుసుకోవడం తేలిక. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే చాలు. అక్కడ ఐపీ అడ్రస్ 169.254 అంకెలతో మొదలైతే, సర్వర్ నుంచి జవాబు రాలేదని, ల్యాప్‌టాప్ తనంతట తానే ఒక నంబరు పెట్టుకుందని అర్థం. దాంతో బయటికి పోలేదు. 10తోగానీ, 192.168తోగానీ మొదలైతే ఈ గడప చాలావరకు దాటినట్టే.

మన ఉదాహరణలోని ల్యాప్‌టాప్ మహబూబాబాద్‌లో ఆగింది ఇక్కడే. జనగామలో ఎవరో దానికి నంబరు చేత్తో పెట్టారు. ప్రింటర్ కలవడానికో, పాత సాఫ్ట్‌వేర్ నడవడానికో అట్లా పెడుతుంటారు. చాలా ప్రభుత్వ కార్యాలయాల్లో కూడా ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో నంబరు స్థిరంగా కేటాయిస్తారు, ఎవరు ఏ సీటో తెలిసేందుకు. చేత్తో పెట్టిన నంబరు ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ కేక వేయదు, అడగదు. మహబూబాబాద్ వీధి నంబర్లు వేరు. జనగామ ఇంటి నంబరు పట్టుకుని మహబూబాబాద్ వీధిలో నిలబడితే ఉత్తరం ఎట్లా చేరుతుంది? వైఫై కలుస్తుంది, పేజీ రాదు. సెట్టింగుల్లో "ఆటోమేటిక్‌గా తీసుకో" అని మార్చాలి. జనగామకు తిరిగొచ్చాక ఆ పాత నంబరే మళ్లీ పెట్టాల్సి ఉంటుంది గనుక, మార్చే ముందు అది కాగితం మీద రాసుకోవాలి, లేదా ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. ఇంకో ప్రమాదం ఉంది. ఆ చేత్తో పెట్టిన నంబరు అక్కడ అప్పటికే మరో కంప్యూటర్‌కు ఉంటే ఇద్దరికీ ఆగి ఆగి వస్తుంది. అప్పుడు "కొత్తమ్మాయి వచ్చినప్పటి నుంచి మా నెట్ పోయింది" అనే మాట వస్తుంది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, పాపం.

హాస్టల్ అడ్రసు, వార్డెన్ రిజిస్టరు

10తో, 192.168తో మొదలయ్యే నంబర్లు లోపలి వాడకానికే. 1994లో ఈ నంబర్లను అట్లా పక్కన పెట్టారు. ప్రపంచంలో ఏ ఆఫీసైనా, ఏ ఇల్లయినా వాటిని వాడుకోవచ్చు. పాత పద్ధతిలో ఐపీ నంబర్లు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే. మనిషికొకటి కూడా రాదు. అందుకని ఆఫీసు మొత్తానికీ బయటి ప్రపంచంలో ఒకటో రెండో నంబర్లుంటాయి. లోపల వంద ల్యాప్‌టాప్‌లున్నా బయటికి ఒకే అడ్రసు కనబడుతుంది.

మైనారిటీ గురుకులంలో చదివిన పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇంటి నుంచి ఉత్తరం గానీ పార్సిల్ గానీ వస్తే హాస్టల్ అడ్రసుకే వస్తుంది. ఏ గదిలో ఏ పిల్లకో వార్డెన్ రిజిస్టర్ చూసి పంపుతారు. ఆఫీసు గేట్‌వే చేసేది అదే. ఎవరు ఏ సైటును ఏ సమయంలో అడిగారో రాసుకుని, జవాబు వచ్చాక వాళ్లకు చేరవేస్తుంది.

బయటివాళ్లకు వార్డెన్ రిజిస్టర్ కనబడదు. హాస్టల్ పేరే కనబడుతుంది. ఆఫీసు నెట్ నుంచి ఎవరైనా తప్పుడు పని చేస్తే, బెదిరింపు సందేశం గానీ, మోసపు లావాదేవీ గానీ, పోలీసులు మొదట వచ్చేది ఆ ఆఫీసు అడ్రసుకే. అప్పుడు రిజిస్టర్ తెరుస్తారు. సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు దాచి ఉంచాలి. కాబట్టి ఫలానా మధ్యాహ్నం ఫలానా యూజర్ పేరుతో ఏం జరిగిందో ఆరు నెలల తర్వాత కూడా బయటపడుతుంది. ఆ పేరు మీదైతే, అప్పుడు కీబోర్డు ముందు మీరు లేరని నిరూపించుకోవాల్సింది మీరే.

పేరు చెబితే నంబరు, తర్వాత కాపలా

మనం సైటు పేరు కొడతాం. యంత్రాలకు కావాల్సింది నంబరు. పేరు చెబితే నంబరు చెప్పే వ్యవస్థను డీఎన్‌ఎస్ అంటారు, 1983 నుంచి ఉంది. ఫోన్‌లో అన్న పేరు నొక్కితే నంబరు దానంతటదే కలుస్తుంది కదా, అట్లాంటిదే. ఈ సర్వర్ జవాబివ్వకపోతే నెట్ ఉండి కూడా లేనట్టే. ఇంట్లో ఎవరో యూట్యూబ్ చూసి చేత్తో వేరే డీఎన్‌ఎస్ నంబరు పెట్టి ఉంటే, ఆఫీసు ఫైర్‌వాల్ దాన్ని ఆపవచ్చు. ముఖ్యంగా ఆఫీసు లోపలి సైట్లు, అంటే హాజరు, జీతం స్లిప్, స్టాకు లాంటివి ఆఫీసు డీఎన్‌ఎస్‌కే తెలుస్తాయి. బయటి డీఎన్‌ఎస్‌ను అడిగితే "అట్లాంటిదేమీ లేదు" అంటుంది.

చివరి గడప ఫైర్‌వాల్, దానితోపాటు కొన్నిచోట్ల ప్రాక్సీ. ప్రాక్సీ అంటే మన తరఫున బజారుకు పోయి సరుకు తెచ్చే మనిషి. ల్యాప్‌టాప్ నేరుగా బయటికి పోకూడదు, అన్నీ ఆ మనిషికే చెప్పాలి. మన ఉదాహరణలో భూపాలపల్లి శాఖలో ఉన్నది ఈ ఏర్పాటే అనుకుందాం. జనగామ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌కు ఆ మనిషి పేరు తెలియదు. నంబరు సరిగ్గానే వచ్చింది, డీఎన్‌ఎస్ సరిగ్గానే ఉంది, అయినా బ్రౌజర్ తిరుగుతూనే ఉంటుంది. ప్రాక్సీ అడ్రసు సెట్టింగుల్లో పెడితే వస్తుంది. ఇంటికి పోయాక దాన్ని తీసేయడం మరిచిపోతే ఇంట్లో రాదు. అప్పుడు తిట్లు ఇంటి నెట్ కంపెనీకి పడతాయి.

ఒక తమాషా విషయం. విండోస్ "నో ఇంటర్నెట్" అని చూపించడానికి ముందు మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న ఫైలు తెచ్చి చూస్తుంది. అది వస్తే నెట్ ఉందనుకుంటుంది, రాకపోతే లేదనుకుంటుంది. ప్రాక్సీ ఉన్న ఆఫీసులో ఆ ఫైలు ఆగిపోవచ్చు. కింద "నో ఇంటర్నెట్" అని రాసి ఉన్నా పని జరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఆ గుర్తును నమ్మడం కంటే ఒక పేజీ తెరిచి చూడటం నయం.

పాత ల్యాప్‌టాప్‌లతో ఇంకోటి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు బ్యాంకు, ప్రభుత్వ సైట్లు అన్నీ "ఈ సైటు సురక్షితం కాదు" అంటాయి. ప్రతి సైటుకూ ఒక భద్రతా సర్టిఫికెట్, దానికో గడువు ఉంటాయి. ల్యాప్‌టాప్ తేదీ తప్పయితే ఆ గడువు లెక్క తప్పుతుంది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చిన తల్లిదండ్రులు వైరస్ వచ్చిందని వందల రూపాయలు పోసి ఫార్మాట్ చేయిస్తారు. ముందు తేదీ, టైము చూస్తే చాలు.

ఆఫీసువాళ్లకు ఏం కనబడుతుంది?

ఇళ్లలో ఎక్కువ అడిగేది ఇదే, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు. ఆఫీసు నెట్ మీద ఫోన్ వాడితే వాట్సాప్ మెసేజీలు చదవగలరా? చదవలేరు. వాట్సాప్ సందేశాలు పంపేవాళ్ల ఫోన్‌లో తాళం పడి, అందుకునేవాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటాయి. వాట్సాప్ వాడుతున్నారని, ఎంతసేపని మాత్రం తెలుస్తుంది. అట్లాగే తాళం గుర్తున్న సైట్లలో ఏ సైటుకు పోయారో తెలుస్తుంది, లోపల ఏం చదివారో మామూలుగా తెలియదు.

ఈ మాట సొంత ఫోన్‌కు, సొంత ల్యాప్‌టాప్‌కు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ సంగతి వేరు. అందులో సంస్థ తన సొంత సర్టిఫికెట్, నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టవచ్చు. అప్పుడు తాళం గుర్తు ఉన్నా లోపలిది చూడగలుగుతారు. అది వాళ్ల వస్తువు, వాళ్లకు హక్కుంది. మధ్యాహ్నం నమాజ్ టైము చూసుకోవడం, ఉర్దూ పేపర్ ఒక పేజీ తిరగేయడం ఎవరికీ అభ్యంతరం కాకపోవచ్చు. ఇంటివాళ్ల ఆధార్ కాపీలు, చెల్లెలి పెళ్లి ఫొటోలు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మాత్రం ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెట్టకూడదు. వాట్సాప్ వెబ్ తెరిచి భోజనానికి లేచిపోతే, ఏ హ్యాకరూ అక్కర్లేదు, పక్క సీటువాళ్లు చాలు.

సైటు ఆగిందని ఫ్రీ వీపీఎన్ యాప్ వేసుకోవడం ఇంకో అలవాటు. ఆఫీసు వీపీఎన్ వేరు, అది శాఖను హెడ్డాఫీసుతో కలిపే సొరంగం. ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్ అంటే మన ఉత్తరాలన్నీ ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెట్టడం. అట్లాగే కేబుల్ ఆఫీసు నెట్‌లో ఉండగానే ఫోన్ హాట్‌స్పాట్‌కు కూడా కలిపితే, ముందు తలుపుకు కాపలా పెట్టి పెరటి తలుపు తెరిచినట్టు అవుతుంది. చాలా ఆఫీసుల్లో దీనికే మెమో ఇస్తారు.

గోడ బయటి దారి

అన్ని గడపలూ దాటాక కేబుల్ ఊరు దాటాలి. ప్రభుత్వ కార్యాలయాలకు ఎన్‌ఐసీ, రాష్ట్ర వైడ్ ఏరియా నెట్‌వర్క్ లాంటి వేరే దారులున్నాయి. పంచాయతీల దాకా ఫైబర్ తీసుకుపోవడానికి భారత్‌నెట్ ఉంది. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ కోసం గొట్టాలు వేశారు. మంచి ఆలోచన, రోడ్డు రెండుసార్లు తవ్వే పని తప్పింది. రైలు పట్టాల వెంట రైల్‌టెల్ ఫైబర్ పోతుంది. జనగామకు, మహబూబాబాద్‌కు రైలు మార్గముంది. భూపాలపల్లి పట్టణానికి రైల్వేస్టేషన్ లేదు, దారి రోడ్డు వెంటే, వాగులు దాటుకుంటూ.

వానాకాలంలో ఈ తేడా తెలుస్తుంది. 2023 జులైలో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరే మునిగింది. 2024 సెప్టెంబర్ మొదట్లో మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. మట్టిని, కంకరను తీసుకుపోయే నీళ్లు పక్కనే పోయే కేబుల్‌ను వదులుతాయా? వాన లేకపోతే జేసీబీ ఉండనే ఉంది. అట్లాంటి రోజు ఆఫీసులో అందరికీ ఒకేసారి పోతుంది. అందరికీ పోయిందా, ఒక్కరికే పోయిందా అన్నదే అందుకని మొదటి ప్రశ్న. ఒక్కరికే అయితే గడపల్లో చూడాలి. అందరికీ అయితే దారి చూడాలి. ఒక్క సైటే రాకపోతే అది ఆ సైటు గొడవ.

ఈ మూడో రకం మన కుటుంబాలకు బాగా అనుభవమే. షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయల సాయానికి దరఖాస్తు పెట్టేటప్పుడు స్కాన్ చేసిన కాగితాలు ఎక్కించాలి. వక్ఫ్ ఆస్తుల వివరాల కోసం కేంద్రం 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచి, ఎక్కించడానికి ఆరు నెలల గడువు పెట్టింది. ముతవల్లీ ఎక్కించాలి, ఆ తర్వాత వక్ఫ్ బోర్డు పరిశీలించాలి. ఇట్లాంటి గడువు పనుల్లో "సర్వర్ డౌన్" అనే మాట ఎక్కువ వినబడుతుంది. కొన్నిసార్లు నిజంగానే సర్వర్ మీద భారం. కానీ అదే సమయంలో ఫోన్ డేటా మీద అదే సైటు తెరిచి చూస్తే తేలిపోతుంది. ఫోన్‌లో వచ్చి ఆఫీసులో రాకపోతే అది సర్వర్ కాదు, ఆఫీసు ఫైర్‌వాలో, ప్రాక్సీయో. ఇంకో కిటుకు: పేజీలు గబగబా తెరుచుకుంటాయి, ఫైలు మాత్రం ఎక్కదు. చాలా కనెక్షన్లలో దించుకునే వేగం కంటే ఎక్కించే వేగం తక్కువ. పది మంది పంచుకుంటే ఇంకా తక్కువ. స్కాన్ ఫైలు సైజు తగ్గించి, జనం తక్కువున్న వేళ ఎక్కిస్తే పని అవుతుంది. ఆఖరి రోజు దాకా ఆగితే ఏ నెట్టూ కాపాడదు.

ఎవరికి, ఏం చెప్పాలి?

"నెట్ వస్తలేదు సార్" అంటే నెట్‌వర్క్ చూసే మనిషికి ఏమీ తెలియదు. ఆయన వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండి ఫోన్‌లో వింటుంటాడు. "నాకొక్కదానికే రావట్లేదు, కేబుల్ లైటు వెలుగుతుంది, ఐపీ 169.254 అని చూపిస్తుంది" అంటే రెండు నిమిషాల పని. ఐపీకాన్ఫిగ్ తెర ఫొటో తీసి, సమయం రాసి పంపితే ఇంకా మేలు. కొత్తగా చేరిన అమ్మాయి ఇట్లా చెబితే ఆమె మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు. తెలియక ఊరికే సెట్టింగులు మార్చుకుంటూ పోతే మాత్రం ఉన్నది కూడా పోతుంది.

ఇక పాస్‌వర్డ్. "నా లాగిన్ పనిచేస్తలేదు ఆపా, ఒక్క అయిదు నిమిషాలు నీది ఇయ్యి" అని అడిగితే కాదనడం కష్టమే. కానీ ఆ యూజర్ పేరు ఆఫీసు మీ చేతిలో పెట్టిన అమానత్. రిజిస్టర్‌లో ఆ అయిదు నిమిషాలూ మీ పేరే పడుతుంది. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. "నాకు ఇవ్వొద్దన్నారు ఆపా, వాళ్లనే అడుగుదాం పద" అని తోడు వెళ్తే ఆమె పని కూడా ఆగదు.

ఉద్యోగం మారినప్పుడు లేదా బదిలీ అయినప్పుడు ల్యాప్‌టాప్ ఇచ్చేసి రావడంతో పని అయిపోదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు తుడవాలి. ఫోన్‌లో వాట్సాప్ తెరిచి లింక్డ్ డివైసెస్‌లో ఆఫీసు కంప్యూటర్‌ను తీసేయాలి. యూజర్ పేరు మూసేశామని ఆఫీసు నుంచి ఒక మెయిల్ గానీ, సంతకం చేసిన కాగితం గానీ తీసుకోవాలి. సొంత ల్యాప్‌టాప్ అయితే మ్యాక్ అడ్రస్‌ను జాబితాలోంచి కొట్టేయించి, పాత ప్రాక్సీ, చేత్తో పెట్టిన నంబరు తీసేసి, తేదీ వేసి ఒక చీటీ మీద ఆ వివరాలు రాసి ఇంట్లో కాగితాల ఫైల్లో పెట్టుకోవాలి.